దుర్భిణి నెత్తిమీది మర

తుపాకి మీద బిగించే దుర్భిణిల్లో మూడోది కూడా ఒకసారి చూస్తే ఏం పోయింది, ఆర్లో ఏమీ అనుకోడు, అనుకుంటే అనుకోనీ, పదకొండేళ్లు దరఖాస్తు పెట్టగా పెట్టగా ఈ ఏడు లాటరీలో తగిలింది మార్లిస్ పేరు, కొండల అవతలి పెద్ద చెవుల దుప్పుల వేటకి పర్మిట్, ఆ ఉత్తరం విప్పిన రోజు యాభై మూడేళ్ల మనిషి వంటింట్లో గంతులేసింది, మొగుడు డ్వేన్ కాఫీ ఒలకబోసుకుని నీకేమన్నా పిచ్చి పట్టిందా అన్నాడు, పట్టింది, పట్టదూ మరి, ఇప్పుడు కూడా కాళ్లు ఒకచోట నిలవడం లేదు, ఆర్లో తుపాకుల కొట్టు వాకిట్లో ఇసుక సంచీ మీద రెండో దుర్భిణిని ఆనించి, రైలు పట్టాల అవతల ధాన్యపు గోదాం మీద వెలిసిపోయిన అక్షరాలు చూస్తోంది, మధ్యాహ్నం చూస్తే ప్రతి అద్దమూ బాగానే ఉంటుంది, పొద్దు వాలేటప్పుడు రా అని ఆర్లోనే చెప్పాడు, దుప్పి బయటికొచ్చేదీ అప్పుడేగా, మొదటిదాంట్లో ఆ అక్షరాలు మసక బూడిదరంగులో కలిసిపోయాయి, ఇందులో అబ్బ, రేకు మీద ఒక్కొక్క మేకు తలా కనిపిస్తోంది, చూరు మీద పావురం మెడ తిప్పడం కూడా.

నువ్వు దుర్భిణి కొంటున్నావా, పెళ్లికొడుకుని చూస్తున్నావా అన్నాడు వెనక నుంచి డ్వేన్, పెళ్లికొడుకును ఇంత పట్టి చూసుంటే నిన్ను చేసుకునేదాన్నా అంది కన్ను తీయకుండానే, ఆర్లో పడీపడీ నవ్వి, ఇదే తీసుకో మార్లిస్, ఇరవై అయిదు రెట్లు పెంచుతుంది, ఆరు వందల గజాల్లో దుప్పి కనురెప్పలు లెక్కపెట్టొచ్చు అన్నాడు, సరే పెంచింది, పెంచగానే అద్దంలోని గురి చూసే అడ్డగీతలు ఎగిరెగిరి పడుతున్నాయి, సంచీ కదిలిందా, లేదే, ఓహో, ఎగిరేది తన గుండె.

గుండె ఇలాగే ఎగిరింది నాలుగేళ్ల కిందట, వద్దు, ఆ సంగతి ఇప్పుడెందుకు, కానీ వచ్చేసింది, ఆ పొద్దున ఇవతలి కొండల్లో వేటకెళ్లి నాలుగు వందల గజాల్లోని రాయిని గురి కొట్టి చూసుకుంది, దూరానికి తగ్గట్టు దుర్భిణి నెత్తిమీది మర పైకి తిప్పింది, తిరిగి సున్నాకి తేవడం మరిచింది, మధ్యాహ్నం రెండు వందల గజాల్లోనే మగ దుప్పి నిలబడితే గుండు ఎత్తుగా పోయి వీపు చీరింది, అది కూలబడి లేచి పరుగెత్తింది, తనూ డ్వేనూ రెండు రోజులు మంచు మీద నెత్తురు జాడ పట్టుకుని నడిచారు, మూడో రోజు కొత్త మంచు కురిసి జాడంతా కప్పేసింది, దుర్భిణి చెడిపోయిందని ఊరంతా చెప్పింది తను, అవునవునన్నాడు డ్వేన్, కానీ ఆ సాయంత్రం తుపాకి తుడుస్తూ ఆ మరను సున్నాకి తిప్పింది అతనే, అది నాలుగు వందల మీదే ఉండటం చూశాడు, ఒక్క మాటా అనలేదు, అనుంటే బాగుండేది, అప్పట్నుంచి దుప్పి మీదికి తుపాకి ఎత్తలేదు తను, ఇప్పుడీ పర్మిట్, మళ్లీ మరిచిపోతేనో.

మూడోది మరీ పెద్దది కాదు, పట్టుకుంటే చేతికి అతికినట్టుంది, ఆ రెండింటి మరల్లాగే దీని మరా నాలుగు వందలకి తిప్పింది, టిక్కు టిక్కుమని ఎంత ముద్దుగా మోగుతోందో, గోదాం చీకట్లో కలుస్తున్నా అక్షరాలు ఇంకా చదవొస్తున్నాయి, పావురం ఎగిరిపోయింది, ఇదే ఇదే అని లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నారు, అయినా ఆ భయం కూడా అక్కడే కూర్చుని ఉంది, దుర్భిణి కింద పెట్టింది, ఆర్లో మూడింటినీ పెట్టెల్లో సర్దబోతూ ఆగిపోయాడు, ఇదేం వింత మార్లిస్, వచ్చినవాళ్లంతా మరలు ఇష్టమొచ్చినట్టు తిప్పి వదిలేసి పోతారు, అన్నీ నేనే సరిచేసుకోవాలి, నువ్వు మూడింటినీ సున్నా మీద పెట్టావే అన్నాడు.

నేనా అంది, డ్వేన్ వైపు చూసింది, అతను ఈసారి హాస్యమాడలేదు, మెల్లగా తలూపాడు, తిప్పినట్టు తనకే తెలియదు, మూడుసార్లు, ఆ గుండె దడలో, ఆ ఉత్సాహంలో కూడా, నాలుగేళ్లుగా అద్దాన్ని తిట్టింది, తప్పు చేసింది ఈ చెయ్యే, నేర్చుకున్నదీ ఈ చెయ్యే, తనకు చెప్పకుండానే, మూడోది కట్టివ్వు ఆర్లో అంది, నవ్వొచ్చింది, శనివారం కొండెక్కొచ్చు, తను ఎక్కొచ్చు.