యాభై ఎనిమిదో కార్డు

ఉదయం పదిన్నరకి మూడో ఫోను మోగేసరికే కార్డులక్కయ్య రెండు చుక్కలు పెట్టేసింది.

ఫ్రిజ్‌ల కంపెనీలో ఫిర్యాదులకు ఇంగ్లీషులో జవాబులిచ్చే సెక్షన్ అది. ఇరవై ఆరేళ్లుగా ఆమె అక్కడ ఉత్తరాలు రాస్తోంది. బస్సులోనో లిఫ్టులోనో ఎవరి ఇంగ్లీషులోనైనా కొత్త వాక్యపు అల్లిక చెవిన పడితే చాలు, అరచేతంత కార్డు మీద రాసి, నంబరు వేసి, టేబుల్ మీది చెప్పుల డబ్బాలో దాచుకుంటుంది. అదే అల్లిక మళ్లీ వినపడితే కార్డు వెనక ఎర్రపెన్నుతో ఒక చుక్క. ఒకసారి హడావిడిలో యాభై ఏడు తర్వాత యాభై తొమ్మిది వేసేసింది. అలాగే వదిలేసింది. చూసేదెవరు కనుక?

'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్' కార్డుకి అరవై మూడు చుక్కలున్నాయి. సాయం కావలసినవాళ్లు నేరుగా అడగరనీ, గతంలోకి ఒక అడుగు వెనక్కి వేసి అడుగుతారనీ ఆమె సొంతంగా కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

అడిగేవాళ్లంతా పక్కసీటునే అడుగుతారు.

పక్కసీటు తొమ్మిదేళ్ల కిందట చేరింది. కొత్తలో ఫోనులో హలో అనడానికి కూడా నీళ్లు నమిలేది. ఇప్పుడు తిట్టడానికి ఫోన్ చేసినవాళ్లు కూడా నవ్వుతూ పెట్టేస్తారు. కొత్తవాళ్లకు మాట్లాడటం నేర్పే క్లాసు పోయినేడాది ఆమెకే ఇచ్చారు. ఆ క్లాసు కోసం కార్డులక్కయ్య రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. "రాతకి మీరున్నారు మేడమ్, మాటకి ఆవిడుందిగా" అన్నాడు మేనేజరు. ఆ సాయంత్రం ఇంట్లో పాలగిన్నె మాడిపోయింది.

ఇవాళ పక్కసీటుకి ఆఖరి రోజు. వేరే ఊళ్లో పెద్ద ఆఫీసుకి వెళ్తోంది. అంటే, క్లాసు ఖాళీ.

"హాడ్ ఐ నోన్, ఐ వుడ్ హావ్ కాల్డ్ యూ మైసెల్ఫ్, సర్" అంటోంది ఫోనులో.

కార్డులక్కయ్యకి ఒళ్లు మండింది. అది నూట పన్నెండో కార్డు! 'ఇఫ్' తీసేస్తే క్షమాపణకి కాస్త దర్జా వస్తుందని పట్టుకోవడానికి తనకి మూడేళ్లు పట్టింది. ఈవిడ నోట అది నీళ్లలా జారిపోతోంది. పుట్టుకతో వచ్చిన నోరు!

"అలా చూడకక్కా, దిష్టి తగులుతుంది," ఫోను పెట్టేస్తూ నవ్వింది పక్కసీటు.

"నీకా? దిష్టే భయపడి పారిపోతుంది."

"పోయే రోజైనా ఓ మంచిమాట అనొచ్చుగా?"

"అంటే ఆగిపోతావా ఏంటి?"

నాలుగింటికి టీ, బిస్కెట్లు. పక్కసీటు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడింది. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే కార్డులక్కయ్య మాత్రం ఎడమ అరచేతిలో ఎర్రచుక్కలు పెట్టుకుంటూ కూర్చుంది. మొత్తం ఏడు.

మేనేజరు పక్కకి వచ్చాడు. "రేపట్నుంచి క్లాసు మీదే మేడమ్. మీకే ఇవ్వాలని ఆవిడ మరీ మరీ చెప్పింది."

ఇన్నేళ్ల కోరిక. అదీ ఆవిడ సిఫార్సు మీద! సగం తిన్న బిస్కెట్టు ప్లేటులో పెట్టేసింది.

"వస్తానక్కా."

"ఊఁ."

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

చేతిలోని చుక్కలు కార్డుల మీదికి ఎక్కిద్దామని సీటుకొచ్చింది. పక్క టేబుల్ ఖాళీ. తన కుర్చీలో మాత్రం ఒక చెప్పుల డబ్బా ఉంది. తనది కాదు. తనది టేబుల్ మీదే ఉంది. మూత మీద ఆకుపచ్చ సిరాతో, "చుక్కలు కలిపేసుకో అక్కా" అని రాసి ఉంది.

లోపల కార్డులు. అవే అల్లికలు, అవే నంబర్లు. మొదటివాటిలో అక్షరాలు వంకర్లు పోయాయి, కొట్టివేతలే ఎక్కువ. పోనుపోను కుదురుకున్నాయి. తాను రోజూ కింద భోజనం చేసే ఆ అరగంటలో, ఇక్కడ పైన ఆవిడ చూసి రాసుకుంది, తొమ్మిదేళ్లు. వేళ్లతో గబగబా తిప్పింది. యాభై ఆరు, యాభై ఏడు, యాభై తొమ్మిది.

యాభై ఎనిమిది ఇందులోనూ లేదు. తర్వాత 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్' తీసి వెనక్కి తిప్పి లెక్కపెట్టింది. రెండువందల పది ఆకుపచ్చ చుక్కలు.

"ఇందులోనూ నువ్వేనా ముందు!" అంది పైకే.

డబ్బా అడుగున ఒక ఆకుపచ్చ పెన్ను దొర్లింది. దాని మూత చివర్నించి సగం దాకా పళ్లతో నమిలేసి ఉంది.