కానుగ చాటు బోర్డు

నేను ఒక గాలి బోర్డును. గాలి పీల్చి, అందులో దుమ్మెంత ఉందో కొలిచి, నా ముఖం మీద అంకెగా చూపించడం నా పని. నిమిషం కుదురుగా ఉండలేను. లారీ వస్తే పెరగాలి, వాన పడితే తగ్గాలి. ఫ్యాక్టరీలో కరెంటు పెట్టిన రోజు నుంచీ ఇదే గాబరా.

హైదరాబాదులో ఒక చౌరస్తా పక్కన, నాలుగు కానుగ చెట్ల వెనక నన్ను నిలబెట్టారు. నన్నెవరు చూశారు గనక! ఒకాయన నా తొంభై రెండును చూసి, "వామ్మో, గింత ఎండనా!" అంటూ తలకు తువ్వాలు చుట్టుకున్నాడు.

రోజూ చూసేది అండాలు ఒక్కతే. రోడ్డు ఊడ్చే మనిషి, ఆయాసం ఉంది. చెట్ల కింద కూర్చుని, మందు పీల్చుకుని, తలెత్తేది. అంకెలు చదవడం రాదు, రంగు చూసేది.

"పచ్చగనే ఉన్నవ్. ఇంకో గల్లీ ఊడుస్త," అనేది.

నేను పొంగిపోయేదాన్ని. నా మీదకు రావలసిన దుమ్మును ఆ ఆకులు పట్టుకుంటున్నాయని తెలిసీ, మెప్పంతా నేనే కొట్టేసేదాన్ని.

ఒకసారి పెద్దసారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు ఇంజినీరు వచ్చి, ఆకుల చాటున అంకె కనబడటం లేదని చెట్లు కొట్టేయమన్నాడు. అండాలు చీపురుతోనే అడ్డం నిలబడింది.

"సారూ, గీ చెట్ల కిందనే నాకు ఊపిరాడుతది. బోర్డునే జర ముంగటికి జరపరాదుండ్రి?"

"దిమ్మె కట్టినమమ్మా, జరపనీకి రాదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, రంపం మోగుతుంటే నాకు సంతోషమే వేసింది. ఇక అందరికీ కనబడతాననుకున్నాను.

మర్నాడు పెద్దసారు ఎదుట నా అంకె నూట నలభై ఎనిమిది. పసుపు రంగు. ఇంజినీరుకు చెమటలు పట్టాయి. సార్లు వెళ్లాక అండాలు మొద్దు మీద కూలబడి మందు పీల్చుకుంది, మళ్లీ పీల్చుకుంది.

"గిప్పుడు అందరికి కనవడ్తున్నవ్ గదా," అంది నాతో.

వారం తిరక్కుండా మనుషులొచ్చారు. జరపడానికి వీల్లేని ఆ దిమ్మెను అరపూటలో పగలగొట్టి, నన్ను పెద్ద పార్కులో పాతారు. ఇక్కడ ఎటు చూసినా చెట్లే. రోజూ పచ్చగానే వెలుగుతాను. నడకకు వచ్చినవాళ్లు, మన ఊరి గాలి బాగుపడిందని నా పక్కన ఫోటోలు దిగుతారు.

ఏ చీపురు చప్పుడు విన్నా ఉలిక్కిపడతాను. అండాలు ఇవాళ ఎన్ని గల్లీలు ఊడ్చిందో, ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు.