గిర్ని ఆగిన మూడు నిమిషాలు

నివేదిక ఒకటే పేజీ. పై సగం పావుగంటలో నిండిపోయింది. జనగామలోని ఆ డిగ్రీ కాలేజీలో స్వలింగ ప్రేమికులకూ ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకూ ఒక ప్రతినిధి ఉండాలని నిరుడు నిర్ణయించినప్పుడు, చెయ్యెత్తింది కల్యాణ్ ఒక్కడే. ఏడాదిలో రెండు సమావేశాలు, నాలుగు పోస్టర్లు, మరుగుదొడ్డి తలుపుల మీద బొగ్గు రాతలు తుడిపించడం. ఇవన్నీ రాశాడు. కింద ఒక వరుస మిగిలింది: సహాయం కోరినవారు, వారికి అందిన సహాయం.

"ఏంది ప్రెసిడెంటూ, ఇంక అయిపోలేదా?" తలుపు దగ్గర నుంచి తొంగిచూశాడు నరేశ్, అతని క్లాసువాడే. "నీ ఓటర్లెవలో ఒక్కసారన్న సూపియ్యకపోతివి."

"నువ్వు నిలబడు. అందరూ నీకే ఏస్తరు," అన్నాడు కల్యాణ్.

నరేశ్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఏడాదిలో కల్యాణ్ నేర్చుకున్నది ఇదొక్కటే. జవాబు ఆలస్యమైతే అవతలివాడు మొహం చదవడం మొదలుపెడతాడు.

అంతలో కళావతి మేడం వచ్చి ఒక కాగితం బల్లమీద పెట్టింది. ప్రతినిధి పని చూసే లెక్చరర్ ఆమే.

"గీ హాల్ టికెట్ ఒక్కటే మిగిలింది. సెకండియర్ రాహుల్, భూపాలపల్లి పిలగాడు. దసరాకు పోయినోడు మల్ల రాలే. హాజరు తక్కువుంటే ప్రిన్సిపాల్ సార్‌ను బతిలాడి సంతకం పెట్టించిన. సోమవారం పరీక్ష. ఫోన్ జేస్తే వాళ్ల బాపు ఎత్తుతలేడు. నీకు తెలుసా వాడు?"

"తెల్వదు మేడం."

అబద్ధం కాదు. రాహుల్‌ను అతను ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ ఫోన్ నంబరు మాత్రం కంఠతా వచ్చు.

పోస్టర్ల మీద మాటలు రాసింది కల్యాణే. 'మాట్లాడాలనుకుంటే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి, మేమే చేస్తాం.' రీచార్జి అయిపోయిన ఫోన్లు ఎన్ని ఉంటాయో గార్ల దగ్గరి తండాలో పెరిగినవాడికి తెలుసు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉండే ఇళ్లు ఎన్ని ఉంటాయో కూడా తెలుసు. రాసేటప్పుడు మొదటిది గుర్తొచ్చింది, రెండోది రాలేదు.

దసరా సెలవుల్లో, తండాలో మిర్చి చేను గట్టున కూర్చుని ఉండగా ఒక మిస్డ్ కాల్ వచ్చింది. వెంటనే తిరిగి చేశాడు. ఎత్తింది పెద్దమనిషి. వెనక పిండి గిర్ని హోరు.

"కాలేజీ నుంచి మాట్లాడుతున్న. మీ నంబర్ నుంచి మిస్డ్ కాల్ వచ్చింది."

"మా పిలగాడు జేసిండేమో. ఏం సంగతి బిడ్డా? జరాగు, గిర్ని బంద్ జేస్త."

హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. రాంగ్ నంబర్ అని పెట్టేయడానికి ఆ నిశ్శబ్దం చాలు. కానీ తన మాట వినడానికి ఎవరైనా చేస్తున్న పని ఆపడం కల్యాణ్ జీవితంలో అదే మొదటిసారి. పోస్టరు మీది నంబరు ఎలాంటి పిల్లల కోసమో అతను చెప్పాడు. ఇది రోగం కాదన్నాడు. దీనికి మందు లేదన్నాడు. కొట్టినా తిట్టినా మారేది కాదన్నాడు. బాధపెట్టేది బయటి లోకమేనన్నాడు. మూడు నిమిషాల్లో ఒక్కచోట కూడా తడబడలేదు. ఎన్నేళ్లుగానో స్నానం చేస్తూ, బస్సుల్లో కిటికీకి తల ఆనించి వల్లెవేసుకున్న మాటలవి. అతను చేనుకు అవతల నీళ్లు పెడుతున్న తన బాపు చత్రు వైపు చూస్తూ మాట్లాడాడు. అది అప్పుడు అతనికి తెలియలేదు.

"సమజైంది బిడ్డా," అని అవతలి మనిషి ఫోన్ పెట్టేశాడు.

కల్యాణ్ ఆ సాయంత్రమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. సెలవులయ్యాక సెకండియర్‌లో ఒకడు తిరిగి రాలేదని విన్నాడు. హాజరు పట్టీలో పేరు పక్కన ఉన్న నంబరు చూశాడు. అదే. అప్పటినుంచి ఆర్నెల్లు. క్యాంటీన్లో గ్రైండర్ తిరిగి ఆగిన ప్రతిసారీ అతని నోరు దానంతటదే తెరుచుకునేది. మళ్లీ ఫోన్ చేసి తెలుసుకోవాలంటే, చేసిన తప్పే మళ్లీ చేయాలి. బతికి ఉన్నాడో లేడో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి మొహం కడుక్కునేవాడు.

"నేను ఇచ్చొస్త మేడం," అని హాల్ టికెట్ తీసుకున్నాడు.

మరునాడు పొద్దున భూపాలపల్లిలో బస్సు దిగి, హాల్ టికెట్ మీదున్న తండ్రి పేరు చూసి గిర్ని జగపతి ఇల్లెక్కడ అని అడిగితే మొదటి మనిషే చూపించాడు. ఊరి చివర రేకుల షెడ్డు. లోపల నుంచి ఆ హోరే వినిపిస్తోంది. గిర్ని దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జుట్టు, కనుబొమ్మలు, రెప్పలు, పెదవులు తెల్లగా పిండి. తెల్లటి మొహంలో కళ్లు రెండే కదిలాయి. కల్యాణ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆ మనిషి దగ్గితే గానీ, అది పిల్లవాడని, హాల్ టికెట్ మీది ఫొటోలో ఉన్న రాహులేనని తెలియలేదు.

పక్కన స్టూలు మీద కూర్చున్న జగపతి లేచాడు. "ఎవలు గావాలె?"

"కాలేజీ నుంచి వచ్చిన కాకా."

గొంతు వినగానే జగపతి చేత్తో సైగ చేశాడు. రాహుల్ గిర్ని ఆపాడు.

"ఆ దినం ఫోన్ల మాట్లాడింది నువ్వే గదా? కూసో. చాయ్ తాగు." జగపతి స్టూలు జరిపాడు. "మస్తు మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఒక్క మాట మర్సిపోలే. రోగం గాదంటివి. మందు లేదంటివి. మారదంటివి. బయటోళ్లే సతాయిస్తరంటివి. అందుకే బయటికి పంపుతలేను. ఇంట్లుంటే ఎవలేమంటరు? నేను కొట్టలే, తిట్టలే. అడుగు వాణ్ణి."

రాహుల్ తల వంచుకుని గోధుమలు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పోస్తున్నాడు. అన్నీ కల్యాణ్ మాటలే. ఒక్కటీ మార్చలేదు ఆ మనిషి.

"పరీక్షలన్న రాయనియ్యి కాకా. హాల్ టికెట్ తెచ్చిన."

"రాసి?"

కల్యాణ్ కాగితాన్ని మడిచాడు, విప్పాడు. జగపతి అతని ముందు వంగి కూర్చున్నాడు. కళ్లలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు.

"ఒక్క మాట అడుగుత. నువ్వు గూడ గట్లనే ఉంటవ్ గదా?"

"అవును."

"నాకు చెప్పినట్టు మీ బాపుకు చెప్పినవా? ఆయనకు సమజైందా?"

డబ్బాలో గింజల చప్పుడు ఆగింది. చెప్పలేదంటే, మరి నాకెందుకు చెప్పినవ్ అంటాడు. ఆ ప్రశ్న దగ్గర రాహుల్ చదువు అయిపోతుంది.

"చెప్పిన. సమజైంది," అన్నాడు కల్యాణ్.

"ఏమన్నడు?"

"మిర్చి కల్లంల ఉన్నడు కాకా. నేను చెప్తుంటే మిర్చి ఎగదోసుడు ఆపిండు." కల్యాణ్ గొంతు నిలకడగా ఉంది. "ఎన్నేండ్ల సంది మోస్తున్నవ్‌ రా గీ మాట, ఒక్కనివే అన్నడు."

కల్యాణ్ ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. ఆ మాట మాత్రం తెలుగులోనే పుట్టింది. జగపతికి ఆ తేడా తెలియదు.

"ఒక్కనివే అన్నడా?"

"అన్నడు."

జగపతి కొడుకు వైపు తిరిగాడు. తెల్లటి మొహం మీద రెండు చారలు తడిగా దిగుతున్నాయి. ఆయన వాటిని చూసి, చూడనట్టు గిర్ని బెల్టు సరిచేశాడు.

"పొయి తానం జేసి రా," అన్నాడు కొడుకుతో. తర్వాత కల్యాణ్‌తో, "పరీక్షలు కాంగనే వీణ్ణి నువ్వే తోల్కరావాలె. మీ బాపును గూడ ఒక్కసారి తోల్కరా. మాట్లాడుత."

కల్యాణ్ తల ఊపాడు.

మధ్యాహ్నం బస్సులో రాహుల్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు పరకాల దాటింది.

"బాపుకు నేనే చెప్దామనుకున్న అన్నా," అన్నాడు చివరికి. "మాటలు గూడ రాసుకున్న. ఎట్ల చెప్పాలె అని అడుగుదామనే నీకు మిస్డ్ కాల్ ఇచ్చిన."

కల్యాణ్ క్షమించమని అడగాలనుకున్నాడు. అడిగితే ఈ కుర్రాడు పరవాలేదనాలి. ఆ బరువు కూడా వాడి మీదే పెట్టినట్టవుతుంది.

"మీ బాపు నిజంగ గట్లన్నడా?" అన్నాడు రాహుల్.

జవాబు ఆలస్యం చేయకూడదు. "అన్నడు."

"మల్లొకసారి చెప్పవా అన్నా?"

కల్యాణ్ చెప్పాడు. ఈసారి వెతుక్కోనవసరం లేకపోయింది. కల్లం ఏ మూలన ఉందో, పొద్దు ఎటు వాలిందో, బాపు తలపాగా విప్పి మెడ ఎట్లా తుడుచుకున్నాడో అన్నీ వాటంతటవే వచ్చాయి. రాహుల్ కళ్లు మూసుకుని వింటున్నాడు. కల్యాణ్‌కు తాను చెబుతున్న ఆ బాపు ఎదురుగా కనిపిస్తున్నాడు. మంచివాడు, మెల్లగా మాట్లాడతాడు, వేళ్ల మధ్య బీడీ కాలుతోంది.

కల్యాణ్ బాపు చత్రు ఎన్నడూ బీడీ తాగి ఎరుగడు.