శనివారం అర ఖాళీగానే ఉంది

నేను ఒక మాత్రల డబ్బాను. నీలం రంగు ప్లాస్టిక్ ఒళ్ళు, ఏడు రోజులకు ఏడు అరలు, ఒక్కో అరకు టిక్కుమని పడే బుల్లి మూత. అచ్చుల ఫ్యాక్టరీలో పుట్టి, కాకినాడలో ఒక మందుల షాపు కొక్కేనికి వేలాడుతున్న నన్ను మంగతాయారుగారు తన బీపీ మాత్రల కోసం కొన్నారు. రెండు రోజులు వాడి, "నాకు గుర్తుండదనుకున్నాడా ఆ డాక్టరు?" అని విసుక్కుని, నాలో పిన్నీసులు పోశారు.

మాఘమాసంలో ఆవిడ కొడుకు శశాంక్‌కి పెళ్ళయింది. కోడలు హిమజ తనతోపాటు రెండు పూలకుండీలనీ, బూరె అనే గోధుమరంగు కుక్కనీ తెచ్చుకుంది. బూరెకు మూర్ఛ. హిమజ పిన్నీసులు తీసేసి, నన్ను కడిగి, తుడిచి, మురిపెంగా ఒక ముద్దు కూడా పెట్టి, దాని మాత్రలు నింపింది. రోజుకు రెండు, పన్నెండు గంటల తేడాతో, బతికినంతకాలం. పూట తప్పితే ఫిట్స్ తిరగబెట్టవచ్చని పశువుల డాక్టరు హెచ్చరించాడు.

నిండుగా ఉండటం నాకెంతో ఇష్టం. అయినా డబ్బాగా పుట్టినవాళ్ళకు అనుమానం సహజం. మూసి ఉంచడమే మా వృత్తి కదా!

రోజూ హిమజ మాత్రను ఉడికిన గుడ్డులో దాచి పెట్టేది. శనివారం వెంకన్న వారం గనుక ఆ ఇంట్లో గుడ్డు పొయ్యి ఎక్కదు. ఆ రోజు కొత్తజంట షికారుకు పోయేది, మందు బాధ్యత అత్తగారిది. ఆవిడ మాత్ర తీసుకుని బాల్కనీలోకి వెళ్ళేవారు. నేనుండే ఫ్రిజ్ మీద నుంచి బాల్కనీ కనపడదు.

ఒక ఆదివారం పొద్దున్న బూరె పడిపోయింది. పక్కకు ఒరిగి, కాళ్ళు కొట్టుకుంటూ, నోట నురగ. పై ఆదివారం మళ్ళీ. మూడో ఆదివారం రెండుసార్లు.

"రక్తంలో మందు తక్కువే ఉందమ్మా. ఇలా వరసగా వస్తే ప్రాణం మీదికొస్తుంది. పూట తప్పిందా?" అని డాక్టరు అడిగాడు.

హిమజ సంచిలోంచి నన్ను తీసి, శనివారం మూత తెరిచి చూపింది. "చూడండి, ఖాళీయే కదా!"

సాక్షిని నేనే. కానీ మాత్ర నాలోంచి వెళ్ళిందని చెప్పగలను గానీ, ఎవరి పొట్టలోకి వెళ్ళిందో ఎలా చెప్పను?

"శశీ, ప్రతిసారీ ఆదివారమే ఎందుకు?" అంది హిమజ ఇంటికొచ్చాక.

"అంటే? మా అమ్మ మీద అనుమానమా?"

"నేనన్లేదు బాబూ, నువ్వే అన్నావు."

నాకైతే అది అనుమానం కూడా కాదు, నమ్మకం. చీరకు కుక్క వెంట్రుక అంటితే ఆవిడ దులుపుకునే తీరు నేను చూశాను మరి.

ఆ శనివారం వాళ్ళు షికారు మానేశారు. పొద్దున్నే హిమజ నన్ను పట్టుకుని అత్తగారి వెనకే బాల్కనీలోకి నడిచింది. ఆవిడ కింద చతికిలబడి, పెరుగన్నం ముద్దలో మాత్ర దూర్చి కంచంలో పెట్టారు.

"తినరా నాయనా, బంగారుకొండవి కదూ!"

బూరె అన్నమంతా తింది. తెల్లటి మాత్రను మాత్రం నాలుకతో కంచం అంచుకు నెట్టేసింది. ఆవిడ కంచం కుళాయి కింద పెట్టబోయారు.

"ఆగండత్తయ్యా! ఏంటది?"

"మెతుకే." కళ్ళజోడు తెచ్చుకుని చూశారు. ముఖం పాలిపోయింది. "అయ్యో, అంటే మూడు వారాల్నుంచీ దీని మందు కడిగేస్తున్నది నేనేనా?"

ఆవిడ తిన్నగా వెళ్ళి పక్కింటి తలుపు కొట్టారు.

"రోజ్‌మేరీ, ఒక్క గుడ్డు ఉడకబెట్టి ఇస్తావేంటి? కుక్కకేనమ్మోయ్, నాక్కాదు!"

గుడ్డు వచ్చింది. ఆవిడ చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ముఖం వీధివైపు తిప్పుకుని, తనే తినిపించారు.

ఎనిమిది ఆదివారాలు ప్రశాంతంగా గడిచాయి. ఫిట్స్ రాకపోయినా మందు ఆపొద్దన్నాడు డాక్టరు. ఇప్పుడు పూటపూటకీ మంగతాయారుగారు బూరె నోరు తెరిచి నాలుక కింద వెతుకుతారు. హిమజ అరచేయి తిప్పి చూస్తారు. అప్పటికీ నమ్మకం కుదరక, నా మూత ఎత్తి మూలమూలా వేలితో తడుముతారు. ఆవిడను అంత అనుమానించినదాన్ని, ఆ వేలు తగిలినప్పుడల్లా నాకెంత హాయిగా ఉంటుందో!