దొరగారి నిండు పియాలా

మా అమీరుకి అనుమానం పుట్టుకతో వచ్చింది. తలపాగా చుట్టేవాణ్ని వారానికొకణ్ని మార్చేవారు. క్షురకుడు కత్తి పట్టుకుంటే పక్కన ఇద్దరు భటులు నిలబడాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఆయన మార్చనిది టీ పోసే నన్నొక్కణ్నే. అది కూడా ప్రేమతో కాదు. ప్రతి కెటిల్‌లోంచీ మొదటి పియాలా, అంటే పిడిలేని చిన్న టీ గిన్నె, ఆయన ముందే నేను తాగాలి, నేనింకా చావలేదు, అంతే.

ఆ వేసవిలో రష్యా చక్రవర్తి పంపిన దొర మా కోటగోడ బయట కొత్త బంగళా కట్టుకుని అమీరుని టీకి పిలిచాడు. వెంట నేనూ వెళ్లాను. దొర మాటలు మాకూ, మా మాటలు దొరకీ చెప్పేవాడు నా అల్లుడు షరాఫ్. దొరసాని నవ్వుతూ సమోవార్ అనే వాళ్ల పెద్ద టీ పాత్ర కుళాయి తిప్పి, అమీరు పియాలాని అంచుదాకా నింపేసింది.

మేము అతిథికి సగం కూడా పొయ్యం, మళ్లీ మళ్లీ పోస్తూ కూర్చోబెట్టుకోవాలని. నిండా పోశామంటే, ఇక లేచి వెళ్లవయ్యా అని అర్థం. మా పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. అమీరు ముఖం పాలిపోయింది. పియాలా ముట్టుకోకుండా లేచి, గుర్రం ఎక్కేశారు.

కోటలో అడుగు పెట్టగానే వజీరు అందుకున్నాడు. "గద్దె దిగి పొమ్మని చెప్పారు, ఏలినవారూ. అదీ మన పద్ధతిలోనే చెప్పారు. వాళ్లకి మన పద్ధతి ఎవరు నేర్పి ఉంటారో?" అని నా వైపు చూశాడు.

"మా షరాఫ్‌కి అంత తెలివెక్కడిది ఏలినవారూ? వాడికి ఆకలేస్తోందని కూడా నా కూతురే చెప్పాలి" అన్నాను.

అమీరు నవ్వలేదు. "పక్కనే ఉన్నాడుగా. ఒక్క మాట చెప్పి ఆపొచ్చుగా? నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాడేం?"

నా జవాబు కోసం ఆయన ఆగలేదు.

"శుక్రవారం దొరని ఇక్కడికి పిలుస్తున్నా. నువ్వే టీ పొయ్యాలి, అంచుదాకా. లేచాడా, వాడికి పద్ధతి తెలిసినట్టే. నేర్పింది నీ అల్లుడే అన్నమాట. వాడి తల ఉండదు. అందాకా నువ్వు కోట దాటడానికి వీల్లేదు."

నా కూతురు మొహినిసాకి అప్పుడు ఏడో నెల. విషముందేమోనని ఇన్నేళ్లు నీ టీ ముందు నేను తాగితే నాకిచ్చే బహుమానం ఇదా అని కడుపు మండిపోయింది. షరాఫ్‌కి కబురు పంపుదామంటే ఎవర్ని నమ్మాలి? వంటవాడు వజీరు మనిషేమో. గుర్రాలవాడు నన్ను చూసి నవ్వాడు, ఎందుకు నవ్వాడు? అయిదు రోజుల్లో అమీరు జబ్బు నాకూ అంటుకుంది.

శుక్రవారం నమాజు అయ్యాక దొర వచ్చాడు. మోకాళ్లు మడవడం చేతకాక, బూటుకాళ్లు చాపుకుని పరుపు మీద చతికిలబడ్డాడు. షరాఫ్ పక్కన కూర్చున్నాడు. అమీరు కళ్లు నా చేతి మీదే ఉన్నాయి. దొర పియాలాని అంచుదాకా నింపి అందించాను.

షరాఫ్ దాన్ని చూశాడు. వాడి ముఖంలో నెత్తురు లేదు. అమీరు పగ తీర్చుకుని దొరని పొమ్మంటున్నారనుకున్నాడు, పిచ్చివెధవ! మా నేల మీద పుట్టినవాడెవడూ నిండు పియాలా ముందు కూర్చోలేడు. వాడి చెయ్యి దొర మోచేతిని పట్టుకుంది, నోరు దొర చెవి దగ్గరకి వెళ్తోంది.

కెటిల్ వంచేశాను. సలసలా కాగే టీ వాడి తొడ మీద పడింది. "చచ్చాన్రో!" అని వాడు ఎగిరి గంతేశాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? అడ్డంగా కూర్చుంటావేంరా!" అని పైకి అరిచి, తువ్వాలుతో తుడుస్తూ వాడి చెవిలో అన్నాను, "దొర లేచాడంటే నీ తల ఎగిరిపోద్ది. నోర్మూసుకుని కూర్చో."

కూర్చున్నాడు. దొర పగలబడి నవ్వి, టీ గటగటా తాగి పియాలా మళ్లీ చాపాడు. మళ్లీ నింపాను. నాలుగు తాగాడు మహానుభావుడు! పొద్దువాలితే గానీ కదల్లేదు.

వాళ్లు వెళ్లాక అమీరు వజీరుని పంపేసి నన్ను ఉండమన్నారు.

"ఇరవై రెండేళ్లలో నీ చేతిలోంచి ఒక్క చుక్క ఒలకలేదు, సఫర్‌కుల్."

కాళ్ల మీద పడిపోయాను. "తప్పయిపోయింది. నన్ను చంపండి. వాణ్ని వదిలెయ్యండి, నా బిడ్డ కడుపుతో ఉంది."

"లే, లే. ఒలకబోసి మంచి పని చేశావు."

నాకేమీ అర్థం కాక ఆయన ముఖంలోకి చూశాను. ఆయన తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నారు.

"నీ అల్లుడు దొర జీతం తింటున్నాడు. దొర మనుషుల మీద చెయ్యి వెయ్యాలంటే ముందు దొరని అడగాలట. పోయినేడు కాగితం మీద నా ముద్ర వేయించుకున్నారు. ఆ సంగతి ఇంకా వజీరుకి తెలీదు." ఆయన గొంతు బాగా తగ్గింది. "దొర లేచి ఉంటే, తల తియ్యమని వజీరు నా ముందు నిలబడేవాడు. అప్పుడు నేను వాడికి ఏం చెప్పేవాణ్ని?"

అయిదు రోజులు దాచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన ముందు తలెత్తలేక, నేల మీద ఎండిన టీ మరక తుడుస్తూ ఉండిపోయాను.