జకర్యా తాత ఇంట్లోనే ఉన్నాడు, షేర్ చేయకండి

జకర్యా తాత తప్పిపోయి రెండేళ్లయింది. దొరికి కూడా రెండేళ్లే అయింది. పొద్దున తప్పిపోయి, దీపాలు పెట్టే వేళకు దొరికేశాడాయన. తప్పిపోయిన సంగతి ఊరంతా పాకింది. దొరికిన సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ అందలేదు.

అసలు జరిగింది చాలా చిన్న పొరపాటు. మల్కాజ్‌గిరిలో చుట్టాలింట్లో కృతజ్ఞత ప్రార్థన కూటమి ఉందంటే తాత ముందుగా బయల్దేరాడు. భార్య మేబెల్, కొడుకు రోనాల్డ్ వెనకాల వస్తామన్నారు. సందు తిరగగానే షామియానా కనబడింది, లోపల పాట వినబడింది. తాత చెప్పులు విడిచి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు. అది వేరేవాళ్ల ఇల్లు. చంకలో బైబిలు, నెరిసిన జుట్టు చూసి వాళ్లు ఈయన ఎవరో చర్చి సంఘ పెద్ద అనుకున్నారు.

"అయ్యగారూ, ప్రార్థన మీరే చేయాలి" అన్నారు.

ప్రార్థన చేయమంటే కాదనడం తాతకు చేతకాదు. కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. షామియానా ఉంది కాబట్టి పెళ్లే అయ్యుంటుందని కొత్త జంటను దీవించాడు. పుట్టబోయే బిడ్డల్ని కూడా పేరు పేరునా దీవించినంత పని చేశాడు. అది కొత్త ఇంటి కూటమి. ఆ ఇంట్లో ఉన్నదల్లా ఇద్దరు ముసలి దంపతులు. పాపం వాళ్లు సిగ్గుపడుతూనే ఆమెన్ అన్నారు. తరవాత బిర్యానీ వడ్డించారు. బతిమాలి మళ్లీ వడ్డించారు. తాత ఆ కుర్చీలోనే కునుకు తీశాడు.

ఇవతల అసలు ఇంట్లో గగ్గోలు. రోనాల్డ్ గాభరాపడి తనకు తెలిసిన విలేకరికి తండ్రి ఫోటో పంపాడు. దొరికిన ఒక్క ఫోటో క్రిస్మస్‌నాటిది, మెరూన్ స్వెటరూ మంకీ క్యాపూ. పేపరువాళ్లు వెంటనే ఆన్‌లైన్‌లో పెట్టేశారు. 'వృద్ధుడి అదృశ్యం. ఆచూకీ తెలిసినవారు దయచేసి చెప్పగలరు.'

తాత చేతిలో బిర్యానీ పొట్లంతో ఇల్లు చేరేసరికి ఆ వార్త కింద జనం జాతరలా మూగి ఉన్నారు. మనవరాలు ఫెయిత్ ఒక్కొక్కటే చదివి వినిపించింది.

"'ఈ కాలం కొడుకులు ఇంతే, ముసలోళ్లను రోడ్డు మీద ఇడిచిపెడ్తరు' అంటున్నారు తాతయ్యా."

రోనాల్డ్ ముఖం మాడిపోయింది.

"'ఎండాకాలంల స్వెటర్ ఏంది, డౌటే' అని ఒకాయన. 'నేను నిన్న దుబాయ్‌లో చూశాను' అని ఇంకొకాయన. 'ఓం శాంతి' అని..."

"బతికుండగానే?" అన్నాడు తాత.

"'ఆమెన్' అని కూడా పెట్టారులే. 'క్యాప్ ఎక్కడ కొన్నారు' అని ఒకావిడ. కింద ఇద్దరు రోడ్లు ఏ పార్టీ వేసిందని కొట్టుకుంటున్నారు."

"నేను దొరికానని రాయమ్మా."

ఫెయిత్ రాసింది. వెంటనే ఎవరో అడిగారు, 'నువ్వెవరు? ప్రూఫ్ ఏంది?' ఆ పిల్ల తాత ఉప్మా తింటున్న ఫోటో పెట్టింది. 'కంప్యూటర్‌తో చేసిన ఫోటో, చేతికి వేళ్లు ఎక్కువున్నయ్ చూడండి' అన్నారు. అది చెంచా. పేపరువాళ్లు మర్నాడు 'వృద్ధుడు క్షేమం' అని చక్కగా వేశారు గానీ, దాన్ని చూసినవాడు లేడు. దాని కింద ఒకే ఒక్క కామెంటు: 'అసలు తప్పిపోయిందెవరు?'

అప్పటినుంచి పాత వార్త మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది. ఎవరో ఒకరు 'మానవత్వం ఉంటే షేర్ చేయండి' అని పెడతారు. మానవత్వం లేదని ఎవరు ఒప్పుకుంటారు? అందరూ షేర్ చేస్తారు. తాత పాల ప్యాకెట్టుకు వెళ్తే కాలేజీ పిల్లలు పట్టుకొచ్చి ఇంట్లో దించారు. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్తే సగం తలతో తీసుకొచ్చారు. తన ఇంటి గుమ్మం ముందే నిలబడి ఉన్న తాతను ఒకాయనైతే ఆ గుమ్మంలోకే చేర్చి, మేబెల్ చేత దండం పెట్టించుకుని వెళ్లాడు.

మేబెల్‌కు విసుగొచ్చింది.

"ఏవండీ, ఇదే చెబుతున్నాను. ఇంకొక్కసారి ఎవరైనా మిమ్మల్ని ఈ గుమ్మంలోకి తెచ్చి దించారా, ఇక ఒంటరిగా బయటికి పంపను. ఎక్కడికైనా నా వెంటే."

తాతకు ముందు శనివారం గుర్తొచ్చింది. శనివారం వస్తే ఆయన బొల్లారంలోని పెద్దల క్లబ్బుకు వెళ్లి క్యారమ్స్ ఆడతాడు. ఎదుటివాడు హరికిషన్, చిన్ననాటి దోస్తు. ఆట పక్కన మిర్చి బజ్జీలు. డాక్టరు వద్దన్న బజ్జీలు. మేబెల్ పక్కన కూర్చుంటే ఇక ఆ శనివారాలు అయిపోయినట్టే.

ఆ శనివారం తాత తెలివిగా బయల్దేరాడు. రోనాల్డ్ నల్ల కళ్లద్దాలు, ఫెయిత్ క్రికెట్ టోపీ పెట్టుకుని, తలుపు వెనకనుంచి అటూ ఇటూ చూసి, మోండా మార్కెట్ గుండా స్టేషన్ వైపు గబగబా నడిచాడు. ఎవరైనా దొంగను చూడని వాళ్లుంటే ఆయన్ను చూడాల్సిందే. వంకాయలమ్మే ఎల్లమ్మ ముందు అనుమానించింది, తరవాత మణికట్టు పట్టుకుంది.

"ఏయ్ ముసలోడా, అద్దాలు తియ్యి! గీయన ఫోన్ల వచ్చినాయనే గాదా?"

చుట్టూ జనం. పది ఫోన్లు లేచాయి.

"అమ్మా, అది నేనే. కానీ నేను తప్పిపోలేదు" అన్నాడు తాత.

"తప్పిపోయినోళ్లందరు గట్లనే అంటరు" అంది ఎల్లమ్మ.

"నా పేరు జకర్యా. మా ఇల్లు ఈ సందులోనే."

"పేరు సుత యాదికున్నది పాపం" అని ఎవరో కళ్లు తుడుచుకున్నారు.

ఆటో జంగయ్య జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి. తాతా, పరేషాన్ గాకు. నేను ఫ్రీగ తోల్కపోత. మంచిగ యాదికి తెచ్చుకో, నీ కోసం ఎవలు ఎదురుచూస్తున్నరు?"

తాత ఆలోచనలో పడ్డాడు. ఇంటి మాట మళ్లీ ఎత్తితే రెండు నిమిషాల్లో మేబెల్ ముందు దించుతారు. అబద్ధం చెప్పడానికి నోరు రాదు. కానీ జంగయ్య అడిగిందేమిటి? ఎదురుచూస్తున్నది ఎవరని కదా!

"బొల్లారంలో హరికిషన్ ఎదురుచూస్తున్నాడు నాయనా" అన్నాడు తాత. ఒక్క ముక్క అబద్ధం లేదు.

జనం చప్పట్లు కొట్టారు. ఎల్లమ్మ దారిలో తినమని రెండు జామకాయలు చేతిలో పెట్టింది. జంగయ్య ఒక చేత్తో ఆటో, ఒక చేత్తో ఫోను. "ఫ్రెండ్స్, చూస్తున్నరు గదా, రెండేండ్ల కింద తప్పిపోయిన తాత..." అని దారంతా లైవు పెట్టాడు. తాత జామకాయ కొరుకుతూ వీధులు చూశాడు. రైలుకంటే హాయిగానే ఉంది.

క్లబ్బులో హరికిషన్ బోర్డు ముందు కూర్చుని, ఒక చేత్తో బజ్జీ, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు. ఫోనులో ఏదొచ్చినా చదవకుండా పదిమందికి పంపడం ఆయన నిత్యకర్మ.

"రా జకర్యా భాయ్, కూసో" అన్నాడు తలెత్తకుండా. "ఎవరో ముసలాయన పాపం తప్పిపోయిండంట. రెండేండ్లసంది పంపుతున్న, ఎవనికీ దయ లేదు. నువ్వన్న జెర షేర్ చెయ్యి."

తాత ఫోను తీసుకుని చూశాడు. మెరూన్ స్వెటరు. మంకీ క్యాపు.

"హరికిషన్, నా మొహం చూడు."

"చూస్త గని, ముందు షేర్ చెయ్యి."

జంగయ్య దగ్గరికొచ్చాడు. "సార్, హరికిషన్ అంటే మీరేనా? మీ అన్నను దెచ్చిన, జెర సంభాలించుకోండ్రి." ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి వీడియో తీశాడు. అప్పుడే మిర్చి గింజ తగిలి హరికిషన్‌కు కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఆట సగంలో ఉండగానే పేపరువాళ్ల సైటులో వార్త వచ్చేసింది. 'రెండేళ్ల తర్వాత కలిసిన అన్నదమ్ములు, ఆగని కన్నీళ్లు.' ఏడుపుంది కాబట్టి ఈసారి జనం విరగబడి షేర్ చేశారు. తాత రెడ్డు కొట్టబోతుంటే చుట్టుపక్కలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి సెల్ఫీలు దిగారు. ఆ గొడవలో స్ట్రైకర్ ఎటో పోయింది. హరికిషన్‌కు జనం పూలదండ వేశారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన మెడలో దండ పడటం పెళ్లి తరవాత ఇదే. అన్న కాదు, దోస్తు అని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

పొద్దు వాలాక తాత లేచాడు. "ఇక ఇంటికెళ్తాను."

క్లబ్బులో కొత్తగా బజ్జీలు వేస్తున్న సుమిత్ర గరిటె పట్టుకుని గేటుకు అడ్డం నిలబడింది. "మళ్ల తప్పిపోదామనా? గట్లెట్ల పోనిస్తం? తమ్ముడున్న కాడే నీ ఇల్లు గదా!"

"హరికిషన్, చెప్పవయ్యా!"

హరికిషన్ దండ సర్దుకున్నాడు. "ఇంకో గేమాడి పో జకర్యా భాయ్."

తాత చేసేదిలేక మేబెల్‌కు ఫోను చేశాడు. లోకల్ రైలెక్కి, చేతిసంచితో మేబెల్ దిగింది. గేటు దగ్గర జనం ఆపారు.

"మీరెవరమ్మా? ప్రూఫ్ ఏంది?"

"నేను ఆయన భార్యను."

"పేపర్ల భార్య అని లేదు, తమ్ముడని ఉన్నది."

మేబెల్ వాళ్ల మధ్యలోంచి తల లోపలికి పెట్టింది. తాతను చూసింది. బోర్డు పక్కనున్న ఖాళీ ప్లేటు చూసింది.

"ఎన్ని తిన్నారు?" అంది.

తాత తల దించుకున్నాడు. మీసానికి అంటిన శనగపిండి తుడుచుకోబోయి, చెయ్యి అక్కడే ఆపేశాడు.

సుమిత్ర గరిటె దించేసింది. "పోనీయ్యుండ్రి, ఆమె పెండ్లామే" అంది. జనం దారిచ్చారు.

ఇద్దరూ రైలెక్కారు. బొల్లారం దీపాలు వెనక్కి పోయాయి.

"అయితే... వచ్చే శనివారం నుంచి నీ వెంటేనా?" అన్నాడు తాత, కిటికీ వైపు చూస్తూ.

"నేనేమన్నాను? ఎవరో తెచ్చి దించితే అన్నాను. ఇవాళ ఎవరు తెచ్చారు? నేనే తెచ్చుకుంటున్నాను" అంది మేబెల్. "వెళ్లండి. బజ్జీ ఒక్కటి. ఆ గరిటె ఆవిడకు నా నంబరు ఇచ్చి వచ్చాను."

తాత జేబు తడుముకున్నాడు. మిగిలిన ఒక్క జామకాయ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

అప్పుడే ఫోను మోగింది. హరికిషన్ పంపాడు. గేటు దగ్గర ఎవరో తీసిన ఫోటో, మేబెల్ తాత చెయ్యి పట్టుకుని నడుస్తోంది. కింద రాసి ఉంది: 'తమ్ముడి దగ్గరున్న వృద్ధుణ్ణి తీసుకెళ్లిన గుర్తుతెలియని మహిళ. మానవత్వం ఉంటే షేర్ చేయండి.'

మేబెల్ కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఈ చీర ఫోటోలో బాగానే పడింది కదండీ" అంది. ఫెయిత్‌కు పంపేసింది.