ఇద్దరు పట్టాల్సిన బొంత

నేను ఒక బొంతను. బొంతలకు పుట్టినరోజులు ఉండవు. పాత చీరలను ఎవరో ఒకరు తీరిక దొరికినప్పుడల్లా కుడుతూ పోతే ఎప్పుడో ఒకనాటికి మేం పూర్తవుతాం. నాకు మాత్రం తేదీ గుర్తుంది. 1984 ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ఆ పొద్దున ఇంట్లో మక్కగటక, పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, తిన్నారు. ఐలవ్వ నాకు ఆఖరి కుట్టు వేస్తుంటే పక్కనే కంచంతో కూర్చున్న చిన్నకొడుకు రాజేశం చేతిలోంచి తొక్కు జారి నా మీద పడింది.

"ఇగ గది వోదు పో," అంది ఐలవ్వ.

నిజంగానే పోలేదు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ గోధుమరంగు మరక అలాగే ఉంది. దాన్ని నా పుట్టుమచ్చ అనుకుంటాను.

మాది బొగ్గుబాయి కాలనీ, గని పనివాళ్ల ఇళ్లు. ఐలవ్వ భర్త బాయిలో పనిచేస్తూ అంతకు ముందు వానాకాలం జ్వరంతో పోయాడు. ఆయన ఉద్యోగం పెద్దకొడుకు ఓదెలుకు వచ్చింది. ఆ ఉద్యోగంతో పాటే రెండు గదుల క్వార్టర్ నిలిచింది. కొడుకులిద్దరూ పక్కపక్కన పడుకున్నా చలి దూరనంత పెద్దగా ఐలవ్వ నన్ను కుట్టింది. పైన ఆమె ఎర్రచీర, కింద బూడిదరంగు చీర, మధ్యలో చిరిగిన లుంగీలు, దుప్పట్లు.

మధ్యలో ఇంకొకటి కూడా ఉంది. మనిషి పోతే అతని బట్టలు ఇంట్లో ఉంచకూడదని మావాళ్ల ఆనవాయితీ. ఐలవ్వ తమ్ముడు గట్టయ్య దగ్గరుండి బావ బట్టలన్నీ మూటగట్టి కాలనీ దాటించాడు. నీలి అంచు పంచె ఒక్కటి మాత్రం ఐలవ్వ దాచింది. నీళ్ల గోలెం వెనక దాచింది, బియ్యం డబ్బాలో దాచింది, చివరికి నాలో దాచింది. ఎవరికైనా తెలిస్తే ఇంటికి కీడు తెచ్చావని నలుగురూ తిడతారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. రాత్రి పడుకున్నప్పుడు ఒక మూల మీద చెయ్యి వేసి పడుకునేది, అంతే.

తర్వాత కోడళ్లు వచ్చారు. ముందు భూలక్ష్మి, ఓదెలు భార్య. నాలుగేళ్లకు స్వరూప, రాజేశం భార్య. మా వైపు తోటికోడలిని యారాలు అంటారు. యారాళ్లు ఇద్దరూ మొదట్లో బాగానే ఉన్నారు. ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు. నన్ను ఉతకడం కూడా వాళ్లకు ఆటలాగే ఉండేది.

నన్ను ఉతకడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ముందురోజే సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టాలి. పొద్దున నీళ్ల నల్ల దగ్గర బండ మీద వేసి తొక్కాలి. తడిసిన నేను ఒక దున్నపోతంత బరువు. తర్వాత పిండాలి. చెరో కొస పట్టుకుని ఎవరి కుడివైపుకు వారు తిప్పాలి. అప్పుడే మెలి పడుతుంది, నీళ్లు కారతాయి. ఒకరికొకరు ఎదురు తిరిగితేనే నేను శుభ్రపడతాను. మడత వేయడం దీనికి పూర్తిగా విరుద్ధం. చెరో రెండు మూలలూ పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడిచి రావాలి. చివరికి ఒకరి చేతిలోని మూలలు ఇంకొకరి చేతిలో పెట్టాలి. మొదటి పని వాళ్లకు పుట్టుకతోనే వచ్చినట్టుండేది. రెండోదానితోనే చిక్కంతా.

స్వరూప పుట్టింట్లో పురుడు పోసుకుని ఆడపిల్లతో తిరిగి వచ్చింది. భూలక్ష్మికి అప్పటికింకా కడుపు పండలేదు. ఆ తర్వాతా పండలేదు. పసిదాన్ని నా మీదే పడుకోబెట్టేవారు. అది తాగిన పాలలో సగం నాకే తాపేది. వారం రోజులు ముసురు పట్టి ఎండ లేక నేను పులిసిన వాసన కొట్టాను. ఒక పొద్దున ఎండ కాసింది. స్వరూప ఇంకా లేవలేదు. భూలక్ష్మి వచ్చి పసిదాని వీపు మీద చెయ్యి వేసి చూసింది. ఎర్రగా పొక్కి ఉంది. బిడ్డను మెల్లగా చాప మీదకు జరిపి, అడగకుండానే నన్ను లాక్కుపోయి నానబెట్టింది.

స్వరూప లేచి వచ్చింది. వీపు సంగతి ఆమెకు తెలియదు. ఖాళీ మంచం ఒక్కటే చూసింది.

"ఏందక్కా, పాల వాసన గిట్టలేదా? గిట్టదు తియ్యి. పిల్లలు లేనోళ్లకు గట్లనే కొడ్తది."

నన్ను తొక్కుతున్న భూలక్ష్మి కాళ్లు ఆగిపోయాయి. తల తిప్పకుండానే అంది:

"ఈ సోడ నీళ్లల్ల బొంతను గాదు, నీ నోరును నానబెట్టాలె."

అంతే. ఆ రోజు నుంచి యారాళ్లిద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే అసలే లేవని కాదు. ఒకే పొయ్యి, ఒకే నల్ల. మాట్లాడక తప్పదు. కాబట్టి నాతో మాట్లాడేవారు. ఏ దేవుడికీ ఇన్ని విన్నపాలు అంది ఉండవు.

"బొంతా, అవుతలామెకు జెప్పు. కుడికి తిప్పాలె, ఎడమకు గాదు."

"బొంతా, అవుతలామెకు గూడ చేతులున్నయట, జర తిప్పుమను."

"చేతులున్నయి గని బలమంత నోట్లెకు వోయిందని జెప్పు, బొంతా."

గుమ్మంలో కూర్చుని ఐలవ్వ ఇదంతా వినేది. "దాన్నన్న బతకనియ్యుండ్రి," అనేది. మడత వేసేటప్పుడు భూలక్ష్మి మూలల్ని బారెడు దూరం నుంచే చాచి అందించేది. స్వరూప వేళ్ల కొసలతో అందుకునేది. చెయ్యికి చెయ్యి తగిలితే ఇల్లు అంటుకుంటుందన్నట్టు.

మరుసటి వానాకాలం నన్ను దండెం మీద ఆరేసి ఉంచారు. మబ్బు కమ్మింది. భూలక్ష్మి వంటింటి కిటికీలోంచి చూసింది. పడుకునేది ఆమె, ఆమే తీసుకుపోతుంది అనుకుంది. స్వరూప గుమ్మంలోంచి చూసింది. ఆరేసింది ఆమె, ఆమే తీస్తుంది అనుకుంది. ఇద్దరూ నన్ను చూస్తూనే ఉన్నారు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. బొగ్గుపొడి కలిసిన నల్లని వాన నా మీద కురిసింది, గాలికి దండెం తెగింది, నేను ముళ్లకంచె మీద పడ్డాను. ఒక మూల చీరుకుపోయింది. అది ఐలవ్వ చెయ్యి వేసే మూల.

చిరిగిన మూలను భూలక్ష్మే కుట్టింది. కుడుతూ లోపలికి చూసింది. నీలి అంచు కనపడింది. ఆ ఇంట్లో మగవాళ్లంతా లుంగీలు కట్టేవారే. పంచె కట్టింది పోయిన మామ ఒక్కడేనని ఆమె విని ఉంది. తర్వాత తన పెళ్లిచీర కొంగులోంచి ఒక ముక్క కోసి, నీలి అంచు కనపడకుండా మూల మీద వేసి గట్టిగా కుట్టేసింది. భూలక్ష్మిది ఎడమచేతి వాటం. ఆమె కుట్లు మిగతా కుట్లలా కాక అవతలి వైపుకు ఒరుగుతాయి. అత్తతో ఒక్క మాట అనలేదు. మొగుడితోనూ అనలేదు.

రాజేశానికి కూడా బాయిలో పని దొరికింది. వెనక వరుసలో వేరే క్వార్టర్ వచ్చింది. వేరుపడే రోజున గట్టయ్య పెద్దమనిషిగా వచ్చి కూర్చున్నాడు. బిందెలు పంచాడు, మంచాలు పంచాడు, గోలెం ఎవరికని గంట సేపు లొల్లి అయింది. చివరికి నేను మిగిలాను.

"బొంత నాకు గావాలె. పిల్ల దాని మీద పండితెనే నిద్రవోతది," అంది స్వరూప.

"ఎండకు ఏసేది, వానకు కుట్టేది నేను. పండేది ఆమెనా?" అంది భూలక్ష్మి. ఇద్దరూ గట్టయ్యతోనే మాట్లాడుతున్నారు.

గట్టయ్య విసుక్కున్నాడు. "కత్తెర తేపో ఓదెలూ. నడుమల కోస్తె చెరి సగం. లొల్లి వొడుస్తది."

ఐలవ్వ చెయ్యి నా మూల మీద బిగుసుకుంది. "చలికాలం వోనియ్యిరా తమ్మీ," అంది.

"చలికాలం ప్రతేడు వస్తదక్కా."

కత్తెర వచ్చింది. నన్ను గచ్చు మీద పరిచారు. కోస్తే నాలోని పొరలన్నీ బయటపడతాయి. తమ్ముడి కళ్ల ముందు, కొడుకుల కళ్ల ముందు నీలి అంచు బయటపడుతుంది. ఐలవ్వ ఏమీ అనలేకపోయింది. అంటే ఎందుకని అడుగుతారు. నేలకేసి చూస్తూ కూర్చుంది. గట్టయ్య అంచు పట్టుకుని కత్తెర తెరిచాడు.

"నాకొద్దు," అంది భూలక్ష్మి.

"ఇప్పటిదాక గావాలంటివి?"

"ఇప్పుడొద్దంటున్న. కొయ్యకు. మొత్తం ఆమెకే ఇయ్యి."

స్వరూప ముఖం ఎర్రబడింది. "ఇన్నవా మామా? నేను పండిన బొంత ఆమెకు అంటు. నా బిడ్డ తడిపిందని రోత. ఇయ్యి, నాకే ఇయ్యి!"

భూలక్ష్మి గట్టయ్య చేతిలోంచి కత్తెర తీసుకుంది. ఐలవ్వ తలెత్తి పెద్దకోడలి వైపు చూసింది. ఆమె ఎంతవరకు గ్రహించిందో నాకు తెలియదు. స్వరూప నన్ను చుట్టి చంకన పెట్టుకుని వెనక వరుసకు వెళ్లిపోయింది. ఆ దినం మనుషులందరిలోకీ నా మీద ఎక్కువ ప్రేమ చూపిన మనిషి నన్ను వదులుకుంది. నన్ను గెలుచుకున్న మనిషి కోపంతో గెలుచుకుంది.

చలికాలం వస్తే ఐలవ్వ వెనక క్వార్టర్‌కు వెళ్లి ఉండేది. మనవరాలి కోసం వెళ్తుందని అందరూ అనుకునేవారు. పిల్ల కోసమూ వెళ్లేది లెండి.

గెలుచుకున్నాక స్వరూపకు అసలు కష్టం తెలిసింది. నన్ను ఉతికే రోజు వచ్చింది. రాజేశాన్ని పట్టమంది. అతడు ఎడమకు తిప్పాడు. ఆమె కుడికి తిప్పింది. మెలి పడలేదు, నీళ్లు కారలేదు, నేను తాడులా గుండ్రంగా తిరిగాను. "బాయిల బండలు మోసేటోనికి బొంత పిండ రాదా?" అని తిట్టింది. అతడు నన్ను వదిలేసి షిఫ్టుకు టైమైందని తప్పించుకున్నాడు. ఆమె నీళ్లోడుతున్న నన్ను ఈడ్చుకుంటూ ముందు వరుసకు వచ్చి, భూలక్ష్మి గుమ్మం ముందున్న బండ మీద దబ్బుమని పడేసింది. గోడకేసి చూస్తూ అంది:

"బొంతా, చేతులు ఖాళీగున్నోళ్లు ఎవలన్న ఉన్నరేమో అడుగు."

లోపల అంట్ల చప్పుడు ఆగింది.

"ఖాళీ లెవ్వు గని వస్తున్నరని జెప్పు, బొంతా."

అప్పటి నుంచి ఏటా ఇదే తంతు. తిట్టుకుంటూ తొక్కేవారు, తిట్టుకుంటూ పిండేవారు, బారెడు దూరం నుంచి మడత వేసేవారు. ఎండు వేపాకు, కలరా ఉండలు వేసి స్వరూప నన్ను సందుగ పెట్టెలో దాచేది. వేపాకు మాత్రం ఎప్పుడూ భూలక్ష్మే కోసుకొచ్చి గుమ్మంలో పడేసి వెళ్లేది, చెత్త పారేసినట్టు.

కొన్నేళ్లకు ఆ మూల మళ్లీ అరిగింది. స్వరూప సూది తీసుకుని కూర్చుంది. అవతలి వైపుకు ఒరిగిన కుట్లు చూసింది. పెళ్లిచీర ముక్క చూసింది. ఆ ముక్క కింద ఏముందోనని వేలు పెట్టి జరిపింది. నీలి అంచు. మొదట అర్థం కాలేదు. తర్వాత కత్తెర గుర్తొచ్చినట్టుంది, 'కొయ్యకు' అన్న మాట గుర్తొచ్చినట్టుంది. ఆమె నన్ను ఒళ్లో వేసుకుని పొయ్యి మీది అన్నం అడుగంటే దాకా కదల్లేదు. చివరికి తన కుట్లు కూడా వేసి మూల మూసేసింది. ఆమె కూడా ఎవరితోనూ అనలేదు. ముగ్గురు ఆడవాళ్లు ఒకే సంగతి దాచారు. ఎవరికి వారు తాము దాచిన సంగతి మిగతా ఇద్దరికీ తెలియదనుకున్నారు. నేను బొంతను కాబట్టి ముగ్గురివీ దాచాను.

ఇది తెలిశాక స్వరూప వెళ్లి యారాలితో మాట్లాడి ఉంటుందని మీరనుకోవచ్చు. లేదు. ఇన్నేళ్ల కోపాన్ని ఏ ముఖంతో దించుకుంటుంది? ఆ ఏడు ఉతికేటప్పుడు తిట్లు ఇంకా పెరిగాయి. మూలలు అందుకునేటప్పుడు మాత్రం ఆమె వేళ్ల కొసలతో కాక అరచేతులతో అందుకుంది.

ఒక చలికాలం ఐలవ్వ నా కింద నిద్రలోనే పోయింది. చెయ్యి ఆ మూల మీదే ఉంది. గట్టయ్య వచ్చి ఏడ్చాడు. ఏడ్చాక పెద్దమనిషయ్యాడు.

"పక్కబట్టలన్ని మూటగట్టుండ్రి. ఆ బొంత గూడ. పొలిమేర దాటిద్దాం."

"ఆ బొంత అత్తది గాదు మామా," అంది స్వరూప వెంటనే. "అక్కది. చలి వెడుతుందంటె అడిగి తెచ్చిన. మందిది ఎట్ల పారేస్తం?"

చాలా ఏళ్ల తర్వాత ఆమె నోట అక్క అన్న మాట వినపడింది. భూలక్ష్మి ఉలిక్కిపడింది. కానీ తగ్గలేదు.

"నాదెందుకైతది? అది స్వరూపది. పంచిన్నాడే ఆమెకు వోయింది. దాని మీద అత్తకేం హక్కు లేదు."

"నాది గాదు, నీదే!"

"నీదే అంటున్న గద!"

గట్టయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అప్పుడు నాది నాదని కొట్లాడిన్రు. ఇప్పుడు నీది నీదని కొట్లాడుతున్నరు. మీతోని నాతోని గాదు. ఎవలదో తేలేదాక ఆడనే ఉండనియ్యుండ్రి."

ఇప్పటికీ తేలలేదు.

దినాలు అయ్యాక యారాళ్లిద్దరూ నన్ను నల్ల దగ్గరికి మోసుకెళ్లారు. నేను ముసలిదాన్నయ్యాను, మెల్లగా తొక్కారు. పిండేటప్పుడు అలవాటు కొద్దీ భూలక్ష్మి "బొంతా," అని మొదలుపెట్టింది.

"నాకే జెప్పు అక్కా. దానికి చెవులున్నయా?"

"నీకు జెప్తె ఏం లాభం? నీకంటె అదే నయం. ఇన్నది ఇన్నట్టుంటది."

"ఔ మరి. దాస్తది గూడ."

భూలక్ష్మి చేతులు ఒక్క క్షణం తిప్పడం మానేశాయి. యారాలి వైపు చూసింది. స్వరూప తల వంచుకుని కుడికి తిప్పుతోంది. సాయంత్రానికి ఎండాను. చెరో రెండు మూలలూ పట్టుకుని ఒకరి వైపు ఒకరు నడిచి వచ్చారు. బారెడు దూరంలో ఆగలేదు.

ఈసారి నన్ను భూలక్ష్మి సందుగలో పెట్టారు. వేపాకు వేశారు, మూత వేశారు. స్వరూప తన క్వార్టర్‌కు వెళ్లిపోయింది. దీపం తగ్గించి భూలక్ష్మి గది బయటికి నడిచింది. ఆ తలుపు ఎప్పుడు వేసినా కిర్రుమంటుంది. ఆ రాత్రి ఆమె దాన్ని కాస్త పైకెత్తి పట్టుకుని, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.